తప్పిన రెండు వారాలు

సీతాఫల్‌మండి, సికింద్రాబాదు
14 సెప్టెంబరు 1987

మేబెల్ వదిన గారికి,
మీ మరదలు డోరా వందనాలు.

మీ తమ్ముడు నిన్న ఉదయం క్షేమంగా తిరిగొచ్చారు. ఎస్తేరు మీ ఇంట్లో కుదురుకుందని, ఆయన వచ్చేటప్పుడు ఏడవలేదని చెప్పారు. నమ్మాలో లేదో తెలియలేదు. తొమ్మిదేళ్ళొచ్చినా నన్ను వదిలి ఒక్కరోజు ఉండని పిల్ల. ఏడాది మధ్యలో బడి మాన్పించి ఒంగోలు పంపాల్సి వచ్చింది. "పంపించు, నా దగ్గరుంటుంది" అని మీరు ఒక్క మాటలో అనకపోతే ఏం చేసేదాన్నో.

ఆయన మీకు ఎంతవరకు చెప్పారో నాకు తెలియదు. అందుకే నేను రాస్తున్నాను. జూలైలో హన్నాకు జ్వరం మొదలైంది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. కాళ్ళు నొప్పి, మెట్లెక్కనని మొండికేస్తే ఐదేళ్ళ పిల్ల గారాలనుకుని ఒకసారి కొట్టాను కూడా. ఆగస్టులో స్నానం చేయిస్తుంటే వీపు మీద, తొడల మీద నీలం మచ్చలు కనిపించాయి. ఎవరు కొట్టారే అంటే "నువ్వే" అంది. నేను కొట్టింది చెంప మీద, వదినా. ఒంటి మీద కాదు. అయినా ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

ఇక్కడి డాక్టరు రక్తం చూసి వెంటనే క్యాన్సర్ ఆసుపత్రికి పొమ్మన్నాడు. అక్కడ నడుము ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేశారు. రక్తపు క్యాన్సరు. పిల్లల్లో వచ్చేవాటిలో లొంగే రకమేనని డాక్టరమ్మ అంటోంది. మందులు మొత్తం రెండున్నరేళ్ళు. మొదటి ఆరు నెలలు కష్టమట.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో సెలవు పెట్టాను. రెండు బస్సులు మారి వెళ్తున్నాం. కొన్నిరోజులు అక్కడే మంచం ఇస్తారు, కొన్నిరోజులు పంపేస్తారు. మీ తమ్ముడికి రైల్వే ఆఫీసులో సెలవు దొరకడం లేదు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు. ఎస్తేరుకు జబ్బు పేరు చెప్పకండి.

డోరా

•

ఒంగోలు
24 సెప్టెంబరు 1987

డోరాకి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు బడి వరండాలోనే కూర్చుండిపోయాను. తమ్ముడు నాతో "రక్తం తక్కువైంది, ఎక్కిస్తున్నారు" అని మాత్రమే చెప్పాడు. రెండు రోజులున్నాడు కదా, ఆ రెండు రోజులూ నా ఇంటి పెరటి గోడకు సున్నం వేశాడు. వద్దురా అంటే వినలేదు. ఇప్పుడు అర్థమైంది.

ఎస్తేరు బాగుంది. నా బడిలోనే నాలుగో తరగతిలో కూర్చోబెట్టాను. లెక్కల్లో చురుకు. పక్కింటి పిల్లలతో కలిసిపోయింది, అన్నం బాగా తింటోంది. దాని గురించి నువ్వు ఒక్క ఆలోచన కూడా పెట్టుకోకు. మీ అందరికోసం ఆదివారం గుడిలో ప్రార్థన చేశాం. ఏం జబ్బని అందరూ అడిగారు. జ్వరమని చెప్పాను. తప్పయితే దేవుడు క్షమిస్తాడు.

నువ్వు వేళకు తింటున్నావా? తమ్ముడికి నాలుగు రోజులైనా సెలవు ఇవ్వరా? ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడికి బిడ్డ ఆసుపత్రిలో ఉంటే సెలవు ఇవ్వని ఆఫీసు ఉంటుందా అని నాకు ఆశ్చర్యంగా ఉంది. ఒక కార్డు ముక్క రాయమని చెప్పు వాడికి.

మీ వదిన,
మేబెల్

•

సీతాఫల్‌మండి
19 అక్టోబరు 1987

వదిన గారికి,

ఇన్నాళ్ళూ రాయలేదని కోప్పడకండి. కలం పట్టుకుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి.

హన్నాకు ఇచ్చే మాత్రల్లో ఒకదానికి విపరీతమైన ఆకలి వేస్తుంది. పొద్దున్నే ఇడ్లీలు, గంటకల్లా ఉప్మా, అది అయ్యేలోగా ఆవకాయన్నం. మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. జుట్టు దిండు మీదికి కుచ్చులు కుచ్చులుగా రాలింది. మిగిలింది నేనే కత్తిరించేశాను. అద్దం చూసుకుని "లావు తాతయ్యలా ఉన్నాను" అని నవ్వింది. సూది అంటే మాత్రం నవ్వదు. వారానికోసారి వెన్నులోకి సూది వేస్తారు. పిల్లను విల్లులా వంచి కదలకుండా పట్టుకోవాలి. ఆయా ఒక వైపు, నేనొక వైపు.

పక్క మంచం దగ్గర అజ్మతున్నీసా అని ఒకామె ఉంటుంది. భువనగిరి. ఆమె కూతురు షమీమ్‌కి ఎనిమిదేళ్ళు, ఇదే జబ్బు. నేను తినకుండా కూర్చుంటే తన డబ్బా నా ఒళ్ళో పెట్టి, "ఏందమ్మా, నువ్వు గిట్ల పస్తులుంటే బిడ్డను ఎవరు ఎత్తుకోవాలె? జెర తిను" అని గదమాయిస్తుంది. ఆమె లేకపోతే నేను ఎప్పుడో కూలబడేదాన్ని.

మంచి మాట ఒకటి. శుక్రవారం మళ్ళీ మూలుగ పరీక్ష చేశారు. చెడ్డ కణం ఒక్కటీ కనిపించలేదట. నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఇంటికొచ్చి చెబితే మీ తమ్ముడు మోకరించి ప్రార్థన చేశారు. లేచి, "ఇంక చాలు. పోయింది కదా, మళ్ళీ ఎందుకు పొడవడం?" అన్నారు. డాక్టరమ్మ చెప్పిందే చెప్పాను. కనిపించకపోయినా ఎక్కడో దాక్కుని ఉంటుందట, తలలోకి పాకకుండా కరెంటు, అదే రేడియేషను, పెట్టాలట, ఆ తర్వాత రెండేళ్ళు మాత్రలు వాడాలట. ఆయన వినలేదు.

అజ్మతున్నీసాతో ఈ మాట అన్నాను. ఆమె మెల్లగా చెప్పింది. "మేం సుత గట్లనే చేసినం. బిడ్డ మంచిగైంది, ఇంగ ఆస్పత్రి ఎందుకని ఇంటికి తీస్కపోయినం. ఆరు నెల్లు ఏ తక్లీఫ్ లేదు, బడికి సుత పోయింది. అటెన్క మళ్ళ షురూ అయింది. ఇప్పుడు మందు పట్టుత లేదంటున్రు."

వదినా, మీతో ఒక అబద్ధం ఆడాను. ఆఫీసువాళ్ళు సెలవు ఇస్తామనే అన్నారు. ఆయనే పెట్టలేదు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు దాన్ని ఎత్తుకుని తిప్పుతారు, కథలు చెబుతారు. ఆసుపత్రి గేటు దాకా వచ్చి, అక్కడినుంచి వెనక్కి వెళ్ళిపోతారు. ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. మీకు చెబితే మీ తమ్ముణ్ణి తప్పుపట్టినట్టవుతుందని దాచాను. ఇప్పుడు దాచే ఓపిక కూడా లేదు.

డోరా

•

ఒంగోలు
29 అక్టోబరు 1987

డోరాకి,

నువ్వు వాణ్ణి తప్పుపట్టినా నేనేమీ అనుకోను. కానీ నీకు తెలియని సంగతి ఒకటుంది. పెళ్ళైన పన్నెండేళ్ళలో వాడు నీకు చెప్పి ఉండడు.

మాకు నోవహు అని చివరి తమ్ముడు ఉండేవాడు. నాన్నగారు కందుకూరు దగ్గర పల్లెలో పంతులుగా ఉన్న రోజులు. నోవహుకి ఆరేళ్ళు, మీ ఆయన జీవరాజుకు పదకొండు, నాకు పదిహేడు. నోవహుకీ ఇలాగే జ్వరం, ఇలాగే నీలం మచ్చలు. అప్పట్లో ఆ జబ్బుకు పేరు కూడా మాకు చెప్పలేదు. రక్తం ఎక్కించడమే వైద్యం. నరం దొరికేది కాదు. చివరిరోజు పట్టుకునే మనిషి చాలక జీవరాజు చేత కాళ్ళు పట్టించారు. నోవహు పెనుగులాడుతూ "అన్నా, వదులన్నా" అని అరిచాడు. జీవరాజు వదల్లేదు. ఆ సాయంత్రమే పిల్లవాడు పోయాడు. తర్వాత నెల రోజులు జీవరాజు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇరవై తొమ్మిదేళ్ళయింది. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు.

ఇది విని వాణ్ణి క్షమించమని అడగడం లేదు. బిడ్డకు వైద్యం జరగాలి. వాడికి నేను వేరే రాస్తున్నాను.

నువ్వు ఒక నిజం చెప్పావు కాబట్టి నేనూ చెబుతున్నాను. ఎస్తేరు బాగుందని రాశాను కదా, అంత బాగా లేదు. పక్క తడుపుతోంది. పక్కింటి పిల్లలతో ఆడుకోదు, నా వెనకే తిరుగుతుంది. మొన్న పూలు కడుతుంటే "అత్తా, నన్ను నీకు ఇచ్చేశారా?" అని అడిగింది. లేదమ్మా, చెల్లికి నయం కాగానే వెళ్ళిపోతావన్నాను. "నయం కాకపోతే?" అంది. నీ చేత్తో దానికి ఒక ఉత్తరం రాయి. నాలుగు వాక్యాలైనా చాలు.

మేబెల్

•

సీతాఫల్‌మండి
12 నవంబరు 1987

వదిన గారికి,

ఎస్తేరుకు రాసిన ఉత్తరం ఈ కవరులోనే పెట్టాను.

సోమవారం నుంచి తలకు కరెంటు మొదలుపెట్టారు. మొత్తం పన్నెండు రోజులు, నాలుగు అయ్యాయి. బోడిగుండు మీద ఊదారంగు గీతలు గీశారు, అవి చెరిగిపోకూడదట. తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి, దాన్ని ఒక్కదాన్నే ఆ గదిలో వదిలి తలుపు వేస్తారు. బయటినుంచి నేను గట్టిగా అంకెలు లెక్కపెడతాను. వంద అనేలోగా అయిపోతుందని చెప్పాను. మంగళవారం వెన్ను సూది కూడా పడింది. అప్పటినుంచి ఏం తిన్నా వాంతి.

మీ ఉత్తరం ఆయన చదివారు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను నోవహు పేరు ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. "నువ్వు దాన్ని చంపుతున్నావు" అన్నారు. నేనూ అనరాని మాట అన్నాను. రెండు రోజులుగా మాటల్లేవు. కోపం కూడా కాదు వదినా, అలసట. బస్సులో నిలబడే నిద్రపోతున్నాను. నిన్న హన్నా చెయ్యి పట్టుకుని మా స్టాపు దాటి రెండు స్టాపులు పోయాను.

డోరా

•

ఒంగోలు
19 నవంబరు 1987

డోరాకి,

ఆదివారం ఉదయం తమ్ముడు హన్నాను తీసుకుని దిగాడు. చెప్పాపెట్టకుండా వచ్చేసరికి కంగారుపడ్డాను. డాక్టరమ్మ పదిహేను రోజులు విశ్రాంతి ఇచ్చిందని, నీకు ఆఫీసులో పని ఉండి రాలేదని చెప్పాడు.

పిల్లను చూసి గుర్తుపట్టలేకపోయాను. కానీ రెండో రోజుకల్లా వాంతులు తగ్గాయి. నిన్న చారన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. అక్కాచెల్లెళ్ళు ఒక్క క్షణం విడిగా ఉండడం లేదు. ఎస్తేరు తన రిబ్బన్లు హన్నా గుండుకు చుట్టి పెళ్ళికూతుర్ని చేసింది. నాలుగు రోజులుగా పక్క తడపలేదు. తమ్ముడు పిల్లలిద్దరినీ సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. వాడు పకపకా నవ్వడం నేను విని ఎన్నేళ్ళయిందో.

నువ్వూ ఈ నాలుగు రోజులు విశ్రాంతి తీసుకో. ఇక్కడి గురించి దిగులు పెట్టుకోకు.

మేబెల్

•

తంతి
సికింద్రాబాదు, 25 నవంబరు 1987

విశ్రాంతి ఎవరూ ఇవ్వలేదు. వైద్యం మధ్యలో ఆగింది. హన్నాను వెంటనే పంపండి. డోరా

•

ఒంగోలు
27 నవంబరు 1987
(తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను)

డోరాకి,

ఈ ఉత్తరం నీకు అందేసరికి హన్నా నీ దగ్గర ఉంటుంది. బడిలో పరీక్షలు, ఎస్తేరును ఒక్కదాన్ని వదల్లేను, లేకపోతే నేనే వచ్చేదాన్ని. మొహం చెల్లక రాలేదన్నా తప్పు కాదు.

నీ తంతి చూసి నేను తెలుసుకున్నది ఏమీ లేదు. హన్నా బట్టల సంచిలో ఆసుపత్రి కార్డు మొదటిరోజే చూశాను. పన్నెండు గళ్ళలో ఐదింటి మీదే సంతకాలున్నాయి. వెన్ను సూదికి పదిహేడు, ఇరవై నాలుగు తేదీలు వేసి ఉన్నాయి. పాతికేళ్ళుగా పిల్లలకు చదువు చెబుతున్నదాన్ని, చదవడం రాక కాదు. చదివి, ఆ కార్డును బీరువాలో చీరల కింద పెట్టేశాను. పిల్ల తింటోంది, తమ్ముడు నవ్వుతున్నాడు, ఇల్లు ఇల్లులా ఉంది. ఇంకొక్కరోజు, ఇంకొక్కరోజు అనుకున్నాను. నీకు విశ్రాంతి తీసుకోమని కూడా రాశాను.

మంగళవారం ఎస్తేరు లంగా వెతుకుతూ ఆ కార్డు బయటికి తీసింది. "అత్తా, దీంట్లో ఇవాళ చెల్లికి సూది అని ఉంది. వెళ్ళకపోతే నయం కాదు కదా?" అంది. దానికి కూడా అబద్ధం చెప్పాను. మర్నాడు నీ తంతి వచ్చింది.

తమ్ముడి చేతికి ఆ కాగితం ఇచ్చి, "బయల్దేరరా" అన్నాను.

"అది నవ్వుతోంది అక్కా. నువ్వే చూస్తున్నావుగా. మళ్ళీ తీసుకెళ్ళి ఆ గదిలో పడెయ్యమంటావా?"

"పడెయ్యమనను. నువ్వు కూడా లోపలికి వెళ్ళు."

"నా వల్ల కాదు. నేను పట్టుకుంటే..." అని ఆగిపోయాడు.

అప్పుడు వాడికి చెప్పాను. నీకు రాసిన ఉత్తరంలో కూడా దాచిన మాట. ఆ రోజు అమ్మ నోవహు కాళ్ళు పట్టుకోమంది నన్ను. పెద్దదాన్ని నేనే. నాకు భయమేసి, నీళ్ళు తెస్తానని బిందె తీసుకుని బావి దగ్గరికి వెళ్ళిపోయాను. అంతా అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. నేను లేకపోబట్టే పదకొండేళ్ళ పిల్లవాడి చేత పట్టించారు. "నువ్వు పట్టుకోవడం వల్ల వాడు పోలేదురా. జబ్బుతో పోయాడు. అప్పుడు దానికి మందు లేదు, ఇప్పుడుంది. ఆ రోజు నేను పారిపోయాను. ఈ పది రోజులూ మళ్ళీ అదే చేశాను" అన్నాను.

వాడు పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. గంట తర్వాత వచ్చి, "హన్నా బట్టలు సర్దు అక్కా" అన్నాడు.

నన్ను ఏమనాలనుకున్నా అను. పడతాను.

మేబెల్

•

సీతాఫల్‌మండి
1 ఫిబ్రవరి 1988

మేబెల్ వదిన గారికి,

మీ ఉత్తరానికి రెండు నెలలు జవాబు రాయలేదు. మధ్యలో మీరు రాసిన మూడు కార్డులూ అందాయి. ఎస్తేరుకు మాత్రం రాస్తూ మీకు రాయకపోవడం చూసి నాకు కోపమనుకుని ఉంటారు. కోపం కాదు. మీకు రాస్తే ఒకటి చెప్పాల్సి ఉంటుంది. అందుకని రాయలేదు.

ముందు హన్నా సంగతి. తిరిగొచ్చిన సోమవారం ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ కార్డు చూసి గట్టిగా కేకలేసింది. మీ తమ్ముడు తల వంచుకుని "తప్పు నాదేనండి" అన్నారు. మర్నాడు సూదికి ఆయనే లోపలికి వచ్చారు. ఆయా స్థానంలో ఆయన వంగి పట్టుకున్నారు. హన్నా ఆయన ముంజేతిని కొరికేసింది, రక్తం వచ్చేలా. ఆయన చెయ్యి కదపలేదు. అయిపోయాక బయటికొచ్చి గోడ పక్కన వాంతి చేసుకున్నారు. మొహం కడుక్కుని, "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?" అని నన్నే అడిగారు. అప్పటినుంచి ప్రతి మంగళవారం వస్తున్నారు. హన్నా మాత్రం చాలా రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత గానీ ఆయన ఒళ్ళోకి వెళ్ళలేదు.

కరెంటు పూర్తయింది. డిసెంబరులో జ్వరమొచ్చి తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాం. క్రిస్మసు ఆసుపత్రిలోనే అయింది. పోయిన వారం మూలుగ పరీక్ష చేశారు. శుభ్రంగానే ఉంది. తప్పిన ఆ రెండు వారాల వల్ల ఏమైనా అవుతుందా అని డాక్టరమ్మను అడిగాను. "అవ్వచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. రెండేళ్ళు మాత్రలు మానకుండా వెయ్యండి" అంది. అంతే వదినా. ఇంతకంటే మంచి కబురు నా దగ్గర లేదు.

ఇప్పుడు రెండోది. మీరు కార్డు దాచిన పాపం చెప్పుకున్నారు. నేను కూడా చెప్పుకోవాలి. ఆ శనివారం మధ్యాహ్నం నేను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను. ఆయన బీరువా తీయడం, హన్నా బట్టలు సంచిలో పెట్టడం, "అక్క దగ్గరికి వెళ్దాం, చప్పుడు చెయ్యకు" అనడం అన్నీ విన్నాను. నిద్రపోలేదు. లేచి తలుపుకు అడ్డంగా నిలబడితే ఆయన ఆగిపోయేవారు. లేవలేదు. గడియ పడిన చప్పుడు వినగానే నాకు ఏడుపు రాలేదు, హాయిగా అనిపించింది. ఆ రోజూ, మర్నాడూ పడి నిద్రపోయాను. సోమవారం లేచి తల దువ్వుకుని, ఎక్స్ఛేంజీకి వెళ్ళి స్నేహితులతో కూర్చుని టీ తాగాను. మీ ఉత్తరం వచ్చింది, చదివాను. డాక్టరమ్మ విశ్రాంతి ఇవ్వలేదని నాకు తెలుసు. తెలిసి మీకు జవాబు రాయలేదు. స్టేషను మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరం. పది రోజుల్లో ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు.

పదకొండో రోజున, తేదీలు మార్చమని అడగడానికి ఆసుపత్రికి వెళ్ళాను. షమీమ్ మంచం మీద వేరే పిల్లవాడు ఉన్నాడు. ఎక్కడికి మార్చారని ఆయాను అడిగాను. "యాడికి మార్చుతరమ్మా, శనివారం పాయె పోరి. ఆ తల్లి నీ కోసం రెండుసార్లు అడిగింది, డోరమ్మ రాలేదా అని" అంది. అక్కడినుంచి తపాలా ఆఫీసుకు వెళ్ళి తంతి ఇచ్చాను. షమీమ్ బతికి ఉంటే ఇంకెన్నాళ్ళు ఊరుకునేదాన్నో నాకే తెలియదు.

భువనగిరి వెళ్ళి అజ్మతున్నీసాను చూడాలని ఉంది. ఏ మొహంతో వెళ్ళాలో తెలియడం లేదు. నిద్ర నటించిన సంగతి మీ తమ్ముడికి చెప్పాను. "నాకు తెలుసు. నీ ఊపిరిని బట్టే మెలకువగా ఉన్నావని తెలిసింది" అన్నారు. తర్వాత ఇద్దరం కూర్చుని హన్నాకు మాత్రలు పొడి చేసి తేనెలో కలిపాం. కాబట్టి మీరు ఒక్కరే మొహం చెల్లకుండా ఉండాల్సిన పని లేదు.

ఎస్తేరును ఇక్కడికి పంపించండి. వేసవి దాకా ఆగమని మీరు రాశారు, వద్దు. చెల్లికి పూర్తిగా నయమయ్యేదాకా దూరంగా పెడితే అది రెండేళ్ళు మీ దగ్గరే ఉండాలి. జబ్బు పేరు కూడా చెప్పేస్తాను. ఇంట్లో ఏం జరుగుతుందో చూస్తూ పెరగనివ్వండి.

వీలైతే మీరే తీసుకుని రండి. ఒక వారం ఉండండి. హన్నా మీ చారు గురించి అడుగుతూనే ఉంది. మీరు వచ్చాక ఒక మధ్యాహ్నం పిల్లలిద్దరినీ మీకప్పగించి పడుకుంటాను. ఈసారి మిమ్మల్ని అడిగి పడుకుంటాను, వదినా.

మీ
డోరా